బ్యానరు రెండో కొస

కబురు వచ్చేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. అడవిపొలం దారిలో కొత్తగా పెట్టిన మందుల షాపు గోడకి పేరు రాస్తున్నాను. కింద ఆటో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఆర్టిస్టు గారూ, మీ బ్యానరాయన పోయారంటండి, తెల్లారగట్ట" అన్నాడు. వెనక సీట్లో వాళ్ళు తొందరపెడుతుంటే వెళ్ళిపోయాడు.

'మీ బ్యానరాయన' అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. ఆయనకీ నాకూ చుట్టరికం లేదు. ఆయనది కనకాలపేట, నాది పాత మార్కెట్ వెనక సందు. ఆయనకంటూ ఒక సంఘం ఉండేది. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడి పనిచేసిన మనుషులు ఉండేవారు. వాళ్ళెవరికీ కాకుండా, గుడ్డ మీద అక్షరాలు రాసిచ్చే నా ఖాతాలో పడ్డాడు పాపం. దిగి వెళ్ళిపోదామనుకున్నాను గాని, సగం రాసిన బోర్డు వదిలి దిగడం నా వల్ల కాదు. మిగతా అక్షరాల్లో ఒకటి వంకర పోయింది. ఆ వంకర ఇంకా ఆ గోడ మీద ఉంది. మందులు కొనేవాళ్ళకి అదేం పట్టదు.

మా ఊళ్ళోకి ఫ్లెక్సీ మెషీను వచ్చిననాడే నా వృత్తి మీద ఆశకి నీళ్ళొదిలాను. పెళ్ళికి ఫ్లెక్సీ, పుట్టినరోజుకి ఫ్లెక్సీ, చావుకి ఫ్లెక్సీ. బ్రష్షు పట్టినవాళ్ళు ఏమైపోతారని అడిగిన నాథుడు లేడు. నాతో పనిచేసినవాళ్ళలో ఒకడు రొయ్యల చెరువుకి కాపలా ఉంటున్నాడు, ఇంకొకడు బైపాస్ మీద బిర్యానీ అమ్ముతున్నాడు. నేను మాత్రం మొండికేసి పడవలకి పేర్లు, ఆటోల వెనక సూక్తులు, గోడల మీద 'ఇక్కడ మూత్రవిసర్జన చేయరాదు' రాసుకుంటూ బతుకుతున్నాను. అలాంటి రోజుల్లో ఆయన చంకలో తెల్ల గుడ్డ పెట్టుకుని మా షాపు గుమ్మంలో నిలబడ్డాడు.

"బ్యానరు రాయాలండి" అన్నాడు.

నా కడుపు నేనే కొట్టుకునే గుణం నాకు ఉంది. "ఫ్లెక్సీ అయితే గంటలో ఇచ్చేస్తారు మేస్త్రి గారూ. ఫొటో కూడా వేయించుకోవచ్చు" అన్నాను.

"ఫ్లెక్సీ కాలితే ఎలాంటి పొగ వత్తాదో మీరు సూశారా? నేను సూశానండి. మా బాయిలర్లో పాత ఫ్లెక్సీలు పడేసీవోరు. మూడ్రోజులు గొంతు మండీది. నేను రాయించేది పొగ గురించండి. ఆ రాతే పొగైపోతే ఎలా?"

ఊరి బయట బొగ్గు బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీలో ఆయన ఫైర్‌మన్. పొయ్యి నోట్లోకి బొగ్గు ఎగదోస్తూ, ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు మీద కన్నేసి ఉంచడం ఆయన పని. ఎండకి మాడిన నలుపు వేరు, ఆయన నలుపు వేరు. మంట వైపు ఉండే కుడి చెంప ఎడమ చెంప కంటే ఒక ఛాయ ఎక్కువ. ముంజేతుల మీద ఒక్క వెంట్రుక ఉండేది కాదు.

కొలిమి తలుపు తీసేటప్పుడు ఎదురుగా నిలబడకూడదట. ఒక్కోసారి మంట బయటికి తన్నుకొస్తుందట. పక్కకి జరిగి, మొహం తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపి తియ్యాలి. అది ఒంటికి పట్టేసి ఆయన ఏ తలుపైనా అలాగే తీసేవాడు. బ్యాంకు తలుపు, ఆఫీసు తలుపు, ఒకసారి మా ఇంటికొస్తే మంచినీళ్ళ కోసం మా ఫ్రిజ్ తలుపు కూడా. మా ఆవిడ అది చూసి, "అందులో ఏముందని అంత భయం ఆయనకి?" అని నా చెవిలో అడిగింది.

టీ తెప్పిస్తే గ్లాసు పక్కన పెట్టేసి, పూర్తిగా చల్లారి మీగడ కట్టాక తాగేవాడు. వేడితో రోజంతా ఉద్యోగమే చేస్తున్నాను, మళ్ళీ దాన్ని నోట్లో కూడా పోసుకోవాలా అనేవాడు. ఆయన చెప్పే ఏకైక హాస్యం అదే. నాకు బోలెడుసార్లు చెప్పాడు. ప్రతిసారీ నేను నవ్వాను.

ఇంకొక అలవాటు ఉంది. సంఘంలో నినాదాలు ఎత్తుకునేది ఆయనే కాబట్టి, మామూలు మాటల్లో కూడా ఒక ముక్క చెప్పి ఆగేవాడు, అవతలివాళ్ళు అందుకోవాలన్నట్టు. "ఎండ ఈ ఏడు మరీ దారుణవండి" అని ఆగేవాడు. మనం "దారుణమే" అనాలి. అనకపోతే ఆ ఖాళీ అలాగే ఉండేది. తరవాత తనే నెమ్మదిగా "అంతేలెండి" అని దాన్ని పూడ్చుకునేవాడు.

యానాం సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. మా చుట్టూ ఆంధ్ర. మేం మాట్లాడేది గోదావరి తెలుగు. ప్రభుత్వం మాత్రం ఎక్కడో అరవదేశం పక్కనున్న పుదుచ్చేరిలో ఉంటుంది. ఏదైనా కావాలని కాకినాడ వెళ్తే, మీది పుదుచ్చేరి కదండీ అంటారు. పుదుచ్చేరి వాళ్ళు పంపించే కాగితాలు సగం అరవంలో ఉంటాయి. అక్కడి కార్మిక సంఘాలవాళ్ళు ఒకసారి మా ఊరి సంఘానికి ఒక కట్ట కరపత్రాలు పంపారు. అంతా అరవం. చదివేవాళ్ళు లేక సంఘం ఆఫీసులో ఆ కట్ట మీద చెంబు పెట్టుకున్నారు.

ఈయన అందులోంచి ఒకటి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాని మీద ఒక బొమ్మ ఉంది. ఒక పొగగొట్టం, పక్కన డాబా మీద సోలార్ పలక బిగిస్తున్న మనిషి. ఆ మనిషి చేతిలో ఉన్నది తనలాంటివాళ్ళు పట్టుకునే పానాయే. అదే ఆయన్ని పట్టుకుంది. అప్పట్లో మా పోలీసు స్టేషన్‌కి కారైకాల్ నుంచి బదిలీ మీద వచ్చిన అరవ కానిస్టేబుల్ ఉండేవాడు. టీ కొట్టు దగ్గర అతన్ని బతిమాలి చదివించుకున్నాడు. కానిస్టేబుల్‌కి వచ్చిన తెలుగు అంతంతమాత్రం. కరపత్రం అంతా చదివి, తల గోక్కుని, ఇలా చెప్పాడట: "భూమి వేడి జాస్తి. బొగ్గు బందు చేస్తారు. బందు ముందు వర్కర్‌కి కొత్త పని నేర్పు. అది వర్కర్ హక్కు. అంతే సార్."

తనని ఎవరైనా సార్ అనడం అదే మొదటిసారి అని నాతో చెప్పుకున్నాడు.

ఆ నాలుగు ముక్కలే ఆయనకి సర్వస్వం అయిపోయాయి. నేను రాసిన మొదటి బ్యానరు 'ఆకుపచ్చ ఉద్యోగాలు కావాలి'. జనం చదివి, మొక్కలు నాటే పనా, నర్సరీ పెడతారా అని అడిగారు. దాంతో రెండో గుడ్డ తెచ్చాడు. ఈసారి ఒక్కొక్క మాటా వేలు పెట్టి చూపించి రాయించాడు: 'బాయిలర్ మూసేముందు బాయిలర్ మనుషులకు సోలార్ పని నేర్పాలి.' నేను చివర ఒక ఆశ్చర్యార్థకం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అరవడం ఎందుకండి. అడుగుతున్నాం" అన్నాడు.

ఆయన ఎవరి కోసం అడిగాడో ఆ మనుషులకే అది నచ్చలేదు. ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల షెడ్డులో సంఘం మీటింగు జరిగితే ఆ బ్యానరు తీసుకెళ్ళి విప్పాడు. బాయిలర్ దగ్గర పనిచేసే మనుషులు అది చదివి కంగారుపడ్డారు. బాయిలర్ మూస్తారని యాజమాన్యం అనలేదు, ప్రభుత్వం అనలేదు, నువ్వెందుకు అంటున్నావన్నారు. ఆయనతో కలిసి షిఫ్టు చేసే మనిషే లేచి, "మనమే అడిగితే ఆళ్ళకి దారి సూపించినట్టు కాదేటి? అడక్కుండా ఉంటే మర్చిపోతారు. అడిగితే మూసేత్తారు" అన్నాడు. బ్యానరుకి ఒప్పుకునేవాళ్ళని చేతులు ఎత్తమన్నారు. ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. ఆ తరవాత అప్పటిదాకా ఆయన చేస్తున్న సంఘం కార్యదర్శి పదవి పోయింది. జెండా కర్ర వేరే వాళ్ళ చేతికి వెళ్ళింది.

ఇదంతా మర్నాడు మా షాపులో కూచుని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. "వాళ్ళ ఖర్మ, మీకెందుకండీ, వదిలెయ్యండి" అన్నాను.

"తప్పు ఆళ్ళది కాదండి. భయం" అని ఆగాడు. నేనేమీ అనలేదు. "అంతేలెండి" అన్నాడు.

బ్యానరు అనేది ఇద్దరు పట్టుకోవలసిన వస్తువు. రెండు కర్రలు, మధ్యలో గుడ్డ. సంఘం లేకపోయేసరికి ఆయనకి రెండో కొస పట్టుకునేవాళ్ళు లేకపోయారు. ఆదివారాలు గోదావరి గట్టు మీద, ఆఫీసుల ఎదురుగా ఒంటరిగా నిలబడేవాడు. ఒక కర్ర తను పట్టుకుని, రెండోది కరెంటు స్తంభానికి తాడుతో కట్టేవాడు. స్తంభం లేనిచోట సైకిలు స్టాండు వేసి దానికి కట్టేవాడు. నదిగాలి కొడితే సైకిలు పడిపోయేది. లేపి, దుమ్ము దులిపి, మళ్ళీ కట్టేవాడు. పెట్రోలు ఇక్కడ చవకని పక్క ఊళ్ళ నుంచి బంకు దగ్గర క్యూ కట్టిన బళ్ళవాళ్ళు ఆయన్ని వింతగా చూసేవాళ్ళు.

ఒక ఆదివారం నేను అటుగా వెళ్తుంటే సైకిలు పడి, నేను రాసిన అక్షరాలు బురదలో దొర్లుతున్నాయి. వాటిని అలా చూడలేకపోయాను. మనిషి కోసం కాదు, అక్షరాల కోసమే వెళ్ళి రెండో కర్ర అందుకున్నాను. అందుకున్నాక వదిలి పోలేం కదా. ఎండ నడినెత్తికొచ్చేదాకా ఆయనతో నిలబడ్డాను. తెలిసినవాళ్ళు స్కూటర్ల మీద వెళ్తూ, ఏంటండీ పార్టీలో చేరారా అని పలకరిస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం ఎదురుగా వందమంది ఉన్నట్టే గొంతెత్తాడు.

"కొత్త పని నేర్పాలి!" అని ఆగాడు.

వెనక నుంచి "నేర్పాలి, నేర్పాలి" అని రావాలి. రాలేదు. సరిగ్గా అది పలకడానికి పట్టేంతసేపు ఆగి, తరవాతి నినాదం ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆగాడు. నాకు నోరు రావడం లేదు. నా వైపు చూసి చిన్నగా అన్నాడు: "మీరు అనక్కర్లేదండి. ఆళ్ళ వంతు ఆళ్ళకి ఉంచుతున్నాను. ఎప్పుడైనా వత్తే ఖాళీ ఉండాలి కదండి."

తరవాతి దానికి నేను "నేర్పాలి" అన్నాను. చాలా నీరసంగా వచ్చింది. అంతకంటే నీరసమైన నినాదం యానాం చరిత్రలో ఉండదు.

ఆ వర్షాకాలం గోదావరి ఎప్పటిలాగే వీధుల్లోకి వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువ ఉండిపోయింది. మోకాలి లోతు నీళ్ళలో ఆయన షిఫ్టు మనుషుల ఇళ్ళకి వెళ్ళి, ఈ నీళ్ళు రావడంలో మన బాయిలర్ పొగ పాలు కూడా ఉందని చెప్పబోయాడు. వాళ్ళు మంచాలు ఇటుకల మీదికి ఎత్తుకుంటున్నారు. వినే ఓపిక ఎవరికుంటుంది? ఒకావిడ, "ముందు ఆ మూల పట్టుకోండి బాబూ" అంది. ఆయన మంచం మూల పట్టుకుని ఎత్తి, వీధిలో అన్ని ఇళ్ళలోనూ మంచాలు ఎత్తిపెట్టి, పొగ గురించి మాట్లాడకుండానే వచ్చేశాడు.

చివరికి బాయిలర్ మూసేశారు, అక్కడి మనుషులందరికీ పని పోయింది. ఎవరూ అడగకపోయినా మూసేవారే, గ్యాసు లైను వచ్చింది, బొగ్గు గిట్టుబాటు కాలేదు. కాని అడిగిన మనిషి ఒకడు ఉన్నాడు కాబట్టి నింద ఆయనకి అంటుకుంది. నోటితో అని మూయించాడన్నారు. చవితి పందిరికి పిలవలేదు. పెళ్ళి శుభలేఖ పక్కింటికి ఇచ్చి ఆ గుమ్మం దాటి వెళ్ళారు. టీ కొట్టు దగ్గర ఆయన కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. మనుషుల్ని తిట్టడం నాకు అలవాటే, అప్పుడు ఇంకాస్త బాగా తిట్టాను. ఆయన ఒక్క మాట తూలలేదు. చల్లారిన టీ తాగి లేచిపోయేవాడు.

బొగ్గు గుట్టలుండే ఖాళీ జాగాలో సోలార్ పలకలు వేయడం మొదలుపెట్టారు. కాంట్రాక్టరు పనివాళ్ళని ఎక్కడెక్కడి నుంచో తెచ్చాడు. కంచె పొడుగునా 'ప్రమాదం, ముట్టరాదు' బోర్డులు రాసే పని నాకు వచ్చింది. నేను రాస్తుండగా ఆయన వచ్చాడు. పాత గేటు దగ్గర నిలబడి, లోపల పలకలు బిగిస్తున్నవాళ్ళని కన్నార్పకుండా చూస్తున్నాడు. కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు చిన్నవాడే గాని మర్యాదస్తుడు. మాటల్లో పెట్టి, ఈయన ఎవరో కనుక్కుని, తిన్నగా అడిగేశాడు.

"మీకు ఫ్యాక్టరీ అంతా తెలుసు కదండీ. ఒక మనిషి కావాలి మాకు. పని మేం నేర్పుతాం. మీరు రండి."

ఆయన మొహం వెలిగింది. అది నేను కళ్ళారా చూశాను. "మా బాయిలర్ మనుషులందరికీ నేర్పుతారా అండి?"

"అందరూ అంటే కుదరదండి. ఒక్కరికే చోటుంది."

ఆయన కంచె తీగ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "ఒక్కణ్ణే అయితే నాకూ కుదరదండి" అన్నాడు.

సూపర్‌వైజరు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. నేను బ్రష్షు పక్కనపెట్టి, "మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వని వాళ్ళ కోసమా ఇది?" అని మొహం మీదే అడిగేశాను.

"నేను అడిగింది 'మాకు' అనేనండి. 'నాకు' అని రాయించలేదు కదా" అని, ఈసారి ఆగకుండా, "మా ఓళ్ళకి మాత్రం చెప్పకండి. జాలి పడ్డానంటారు" అన్నాడు.

నేను చెప్పలేదు. తరవాత ఎప్పుడు షాపుకి వచ్చినా, రాయించడానికి ఏమీ లేకపోయినా వచ్చేవాడు, టీ చల్లారేలోపు ఒకసారి ఆ మాట ఎత్తేవాడు. "ఆ రోజు వద్దనేశాను కదండి" అని ఆగేవాడు. నేను, "ఆయ్, అన్నారండి" అనేవాణ్ణి. ఆయన నడుము కొంచెం నిటారయ్యేది.

పోయిన ఏడు ఆ సంఘమే యానాంలో ఊరేగింపు చేసింది. పైనుంచి ఆదేశం వచ్చిందట, దేశమంతా సంఘాలు అదే అడుగుతున్నాయట. పెద్ద ఫ్లెక్సీ, అందమైన రంగులు. 'పర్యావరణ ఉద్యోగాల్లో పాత కార్మికులకు మొదటి అవకాశం'. ఆయన రోడ్డు పక్కన నిలబడి వేలు గాల్లో కదిపి అక్షరం అక్షరం చదువుకున్నాడు. "తప్పుల్లేవండి" అన్నాడు నాతో. తరవాత ఊరేగింపు చివర, అందరికీ వెనకాల, కాస్త ఎడంగా నడిచాడు. ముందు ఎవడో కుర్రాడు నినాదం ఇస్తుంటే, వెనక నుంచి ఆయన జవాబు చెప్పాడు. ఆయన్ని అలా జవాబు చెప్పే వరసలో చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు.

కబురు తెలిసిన రోజు నిచ్చెన దిగి కనకాలపేట వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే తీసుకెళ్ళి కార్యక్రమం ముగించేశారు. బాయిలర్ మనుషులు ముగ్గురో నలుగురో వచ్చారు గాని, రోడ్డు మీదే నిలబడి వెళ్ళారట. ఆయన భార్య వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ స్కూల్లో పిల్లలకి అన్నం వండుతుంది. బాయిలర్ మూసేశాక వాళ్ళిద్దరూ ఆ జీతం మీదే బతికారు. నన్ను చూసి, "మీరేనా బ్యానర్లు రాసేవోరు" అంది.

ఏం చెప్పి ఓదార్చాలో తోచలేదు. దాచుకున్న మాట అక్కడ చెప్పేస్తే తప్పులేదనిపించింది. "మీకు తెలుసో లేదోనమ్మా, మేస్త్రి గారికి సోలార్ వాళ్ళు పని ఇస్తామన్నారు. మిగతావాళ్ళకి ఇవ్వలేదని ఆయన వద్దన్నారు. నేను అక్కడే ఉన్నాను" అన్నాను.

"తెలుసండి. ఆ సాయంత్రమే, కాళ్ళు కూడా కడుక్కోకుండా సెప్పేరు."

లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"తెల్లారి ఆయన నిద్ర లేవకుండా నేను ఎల్లేనండి ఆ సోలార్ కాడికి. ఆయనేదో కోపంలో అన్నారు, పనికి వత్తారండి అని సెప్పేను. చేతులు కూడా జోడించేను. రాత్రే వేరే మనిషిని మాటాడేసుకున్నామమ్మా అన్నారు. వచ్చేసేను."

నేను వరండా అంచున కూర్చున్నాను.

"ఆయనకి ఇది తెలవదండి. వద్దన్నాను, వద్దన్నానని ఇన్నాళ్ళూ నాకు సెప్పుకునీవోరు. మంచి పని చేశారు అనీదాన్ని. ఉద్యోగం పోయింది, సంఘం పోయింది, పలకరించే మనిషి లేడు. ఆయన కాడ మిగిలింది అదొక్కటేనండి. అది కూడా నేనే తీసేసుకుంటానా?"